కుండ మీది గీత, కొమ్ము మీది పేరు

ప్రాచీనత మాట వచ్చేసరికి మన భాషాభిమానులకు ఒక తొందర పుడుతుంది. ఎక్కడ గీత కనిపించినా అది అక్షరం కావాలి. అక్షరమైతే అది తెలుగు కావాలి. తెలుగైతే అది మిగిలిన భాషలకన్నా ముందుది కావాలి. ఈ తొందర ఎక్కడికి తీసుకుపోతుందో ఉత్తర ఐరోపా రూన్ లిపి చరిత్ర చెబుతుంది. నల్లగొండ, పాలమూరు మట్టిలో దొరికినవాటిని ఏ కళ్లతో చూడాలో కూడా ఆ చరిత్రే కొంత నేర్పుతుంది.

మన జిల్లాల్లో రాకాసిగూళ్లు లేని ప్రాంతం అరుదు. పెద్ద పెద్ద బండలు వలయంగా పేర్చి, మధ్యన చచ్చినవాళ్ల ఎముకలు, ఇనుప పనిముట్లు, నలుపు ఎరుపు రంగుల కుండలు పెట్టి కప్పిన సమాధులవి. ఇనుము వాడకం నేర్చిన రైతులు, పశువుల కాపరులు కట్టుకున్నవి. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తుశాఖ పెట్టినప్పుడు దానికి మొదటి అధిపతి అయిన గులాం యజ్దానీ భువనగిరి దగ్గరి రాయగిరి సమాధులను పరిశీలించాడు. దక్కను సమాధుల కుండల మీద గీసివున్న గుర్తులను పట్టిక వేసి ప్రకటించాడు. నిచ్చెన లాంటివి, బాణం లాంటివి, త్రిశూలం లాంటివి. వాటిలో కొన్నిటికి బ్రాహ్మీ అక్షరాల పోలిక ఉందన్నాడు. 1960లో బి.బి. లాల్ ఇలాంటి గుర్తులనే హరప్పా గుర్తుల పక్కన పెట్టి చూశాడు.

పోలిక ఉన్న మాట నిజమే. కాని గట్టి కుండ మీద మొనగల పనిముట్టుతో ఎవరు గీసినా అడ్డగీత, నిలువుగీత, ఏటవాలు గీతే వస్తాయి. పోలిక చదువు కాదు. కుండకొక గుర్తు చొప్పున ఉంటే అది యజమాని గుర్తు కావచ్చు, కులం గుర్తు కావచ్చు, దినవారాల గుర్తు కావచ్చు. ఈ గుర్తుల్లో ఎక్కువభాగం కుండ కాల్చిన తర్వాత గీసినవి. అంటే కుమ్మరి కన్నా కుండను వాడుకున్నవాళ్లో, పాతిపెట్టినవాళ్లో గీసి ఉండాలి. గీసిన చెయ్యి ఎవరిదో ఆలోచించకుండా లిపి పేరు వెతకటం బండికి వెనక ఎడ్లను కట్టటమే.

రూన్లు కూడా చూపుకు ఇలాంటి గీతలే. వాటిలో వంపులు దాదాపు లేవు, పడుకున్న గీతలు లేవు. కారణం మంత్రశక్తి కాదు, కర్ర. కర్ర నారకు అడ్డంగా కత్తితో నిలువుగీత, ఏటవాలు గీత తేలికగా పడతాయి. నార వెంబడి గీసిన గీత నారలో కలిసిపోతుంది. తాటాకు మీద గంటంతో రాసిన మన అక్షరాలు గుండ్రబడటానికీ ఇలాంటి కారణమే చెబుతారు. అయితే రూన్లు లిపి అని ఎందుకు అంటున్నాం? 24 గుర్తులు, వాటికొక వరస, ఒక్కో గుర్తుకు ఒక ధ్వని, చదివితే అర్థమయ్యే భాష ఉన్నాయి గనక. అవి మధ్యధరా లిపుల నుంచి, ముఖ్యంగా రోమన్ లిపి నుంచి, మలుచుకున్నవని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. మనకు బ్రాహ్మీ బాటసారులతో, బిక్షువులతో, వర్తకులతో వచ్చినట్టే.

తొలి రూన్లు ఎక్కడ ఉన్నాయో గమనించాలి. డెన్మార్కులోని వీమోస అనే చిత్తడినేలలో దొరికిన ఒక దువ్వెన మీద ఒక్క మాట ఉంది, "హర్జ" అని. అది క్రీ.శ. 160 ప్రాంతానిది. అదే దేశంలో గల్లెహుస్ అనే చోట 1734లో దొరికిన బంగారు కొమ్ము క్రీ.శ. 400 నాటిది. దాని మీద ఒక మనిషి తన పేరు చెప్పుకుని, ఈ కొమ్మును నేను చేశాను అన్నాడు. చేసినవాడా, చేయించినవాడా అని తర్కించేవాళ్లున్నారు. క్రియ మాత్రం "చేశాను" అనే. రాజుల వంశావళి లేదు, దండయాత్ర లేదు. వస్తువు ఉంది, పేరు ఉంది, పని ఉంది.

ఈ పేర్లమీద తర్వాత ఏం కట్టారో చూడండి. 1821లో విల్‌హెల్మ్ గ్రిమ్ రూన్లను పండితుడిగా పరిశీలించాడు. 1908 నాటికి ఆస్ట్రియాలో గీడో ఫాన్ లిస్ట్ అనే ఆయన 18 రూన్లను తానే తయారుచేసి, అవి ఆర్యుల రహస్యమని ప్రచారం చేశాడు. 1935లో హిమ్లర్ పూర్వికుల వారసత్వం పేరుతో పరిశోధన సంస్థనే పెట్టాడు. దువ్వెన మీద పేరు రాసుకున్న గీతలు ఎస్.ఎస్. సైనికుడి కాలరు మీదికి ఎక్కాయి. ప్రాచీనతాభిమానం అమాయకమైనదని ఇంకా అనేవాళ్లకు ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. దీనికి పక్కన ఇంకొకటి పెట్టాలి. 2021లో నార్వేలో దొరికిన స్వింగెరూద్ రాయిని కార్బన్ పరీక్షతో క్రీ.శ. 1-250 మధ్యదని తేల్చారు. రూన్ రాళ్లలో తెలిసినంతవరకు అదే పాతది. అయినా దాని మీద చదవగలిగినవి చదివి, అర్థం కాని గీతలను అర్థం కాలేదనే వదిలేశారు. పండితుడి ధైర్యం అక్కడుంది.

ఇక మన దగ్గర. ఫణిగిరి గుట్ట మీది శాసనాలు ప్రాకృతంలో ఉన్నాయి. రామన్నపేట ప్రాంతపు తుమ్మలగూడెంలో దొరికిన విష్ణుకుండిన రాగిరేకులు సంస్కృతంలో ఉన్నాయి. వాటిలో ఒకదానిది శక సంవత్సరం 488, అంటే క్రీ.శ. 566. బౌద్ధ విహారానికిచ్చిన దానం అది. వాటిని వెలుగులోకి తెచ్చినవారిలో నల్లగొండవాడే అయిన బి.ఎన్. శాస్త్రి ఉన్నాడు. రాజు మాట్లాడితే సంస్కృతం. ఆ విష్ణుకుండినుల కాలంలోనే, మన జిల్లాకు ఆనుకుని ఉన్న కీసరగుట్ట బండ మీద ఒక్క మాట చెక్కి ఉంది: "తొలచువాన్డ్రు". రాయి తొలిచేవాళ్లు. దానం లేదు, బిరుదు లేదు. పూర్తి తెలుగు వాక్యాల శాసనానికి క్రీ.శ. 575 ప్రాంతపు కడప జిల్లా కలమళ్ల దాకా పోవాలి. దాన్ని వేయించినవాడు ఎరికల్ ముత్తురాజు అనే పాలకుడు. ఇక్కడ మాత్రం తెలుగు తన పని పేరుతోనే రాతికెక్కింది.

ఆ "వాన్డ్రు" ఎక్కడికీ పోలేదు. మన పల్లెల్లో "వాండ్లు" అనే మాట దానికి దగ్గరి చుట్టమే. అది మోటుమాట అని ఎర్రసిరాతో కొట్టేసే మా ఉపాధ్యాయవర్గం, పదిహేను వందల ఏళ్ల బండను కూడా కొట్టేయాలి మరి!

భాష వయసు తేల్చటానికి గీతల కన్నా నమ్మదగిన దారి ఇంకొకటుంది. సంస్కృతంలో "పాద" అన్నచోట ఇంగ్లీషులో "ఫుట్" ఎందుకైందో, అలాంటి మార్పులు ఒక నియమం ప్రకారం ఎలా జరిగాయో 1822లో యాకోబ్ గ్రిమ్ చెప్పాడు. అంతకు ఆరేళ్ల ముందే, 1816లో, క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన మాటల్లో ఎల్లిస్ దక్షిణాది భాషలది వేరే కుటుంబమని నిరూపించాడు. మక్తల్ దాటి కృష్ణ అవతలికి, రాయచూరు వైపు పోతే మన చెవి "కివి" అవుతుంది, చెరువు "కెరె" అవుతుంది. అక్కడి ‘క’ మన దగ్గర ఇ, ఎ స్వరాల ముందు ‘చ’ అయింది. ఇందులో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అనే తగాదా లేదు. ఒక ఇంటి పిల్లలు విడిపడిన లెక్క ఉంది. ఆ లెక్క సంతలో కూర్చున్న రైతు నోట్లో దొరుకుతుంది.

గల్లెహుస్ కొమ్మును 1802లో ఒక కంసాలి దొంగిలించి కరిగించాడు. ఇవాళ ఉన్నది బొమ్మలూ నకళ్లూ. దేవరకొండ తాలూకా ఏలేశ్వరంలో అబ్దుల్ వహీద్ ఖాన్ తవ్వి తీసిన ఊరు నాగార్జునసాగర్ నీళ్లకింద ఉంది. మనకు మిగిలింది ఆయన నివేదిక, తరలించగలిగిన వస్తువులు. కృష్ణ ఒడ్డునే ముడుమాల్‌లో మనిషికి రెండింతలున్న నిలువురాళ్లు ఇంకా నిలబడే ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద సప్తర్షి మండలం లాంటి గుంటలను హైదరాబాదు విశ్వవిద్యాలయపు కె.పి. రావు గుర్తించాడు. 2025 మార్చిలో ఆ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. జాబితాకెక్కని గూళ్లు మన చేలగట్ల మీద ఎన్నో ఉన్నాయి. కంకర మిల్లుకు పోయేవి అవే. వాటిని ముందుగా లెక్క రాయవలసింది మన బడుల్లోని పిల్లలూ, ఆ చేలు దున్నేవాళ్లూ, ఆ బండలు కొట్టే నేటి తొలచువాండ్లూ.