శాసనాల వరుస, సీ పంక్తుల వరుస

నల్లగొండ సీమలోని పిల్లలమఱ్ఱిలో రేచర్ల రెడ్ల కాలపు శిలాశాసనాలున్నాయి. ఆనాటి శాసనాలలో పదాల నడుమ ఖాళీ సాధారణంగా కానరాదు. అయినా చదవగలుగుతున్నామంటే కారణం వాటి వరుస: ప్రశస్తి, శకవర్షం, దానవివరం, చివర శాపవాక్యం. రాయి విరిగినా, పోయినది ఏ భాగమో ఊహించవచ్చు.

సీ భాష కంపైలరుకూ ఖాళీలతో దాదాపు పట్టింపు లేదు, పట్టింపు మనుషులకే. 1978లో కెర్నిహాన్, రిచీలు తమ గ్రంథంలో, బ్రాకెట్లు ఎక్కడ పెట్టినా సరే, ఒకే పద్ధతిని విడువకుండా పాటించమన్నారు. తరువాత గ్నూ వారు రెండు ఖాళీల జరుపునూ, లినక్స్ కెర్నెల్ వారు ఎనిమిది గడుల ట్యాబునూ నియమం చేసుకున్నారు.

ఏది అందమన్నది తెగని తగవు. నష్టం రెండూ కలిసినప్పుడే. ఒక్క తప్పు దిద్దబోయి ఫైలంతా తన అలవాటుకు సర్దేవాడి వల్ల వందల పంక్తులు మారినట్లు కనిపిస్తాయి; అసలు దిద్దుబాటు వాటిలో మునిగిపోతుంది. ఏ పంక్తిని ఎవరు, ఎందుకు రాశారన్న చరిత్ర మరుగవుతుంది. ఎంచిన సర్దుబాటు మార్పులను లెక్కలోంచి తప్పించే వీలు గిట్‌లో 2019లో వచ్చింది. అదీ సర్దుబాటును విడి మార్పుగా చేర్చినప్పుడే చక్కగా పనిచేస్తుంది.

శాసనం చెక్కినవాడు తన ముచ్చట కోసం వరుస మార్చలేదు. ఎనిమిది వందల ఏళ్ల తరువాతి చదువరికి ఆధారమైనది అదే.