చీర చివరన ఒక ఫ్రెంచి మాట

విజయవాడ వస్త్రలతలోనో సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనో చీర కొని బయటికొస్తే, మ్యాచింగ్ సెంటర్ మెట్ల పక్కన చిన్న బోర్డు ఒకటి కనిపిస్తుంది. ‘ఇచ్చట ఫాల్, పీకో చేయబడును.’ కొన్నిచోట్ల పీకో అనకుండా జిగ్‌జాగ్ అని రాస్తారు. బోర్డు కింద ఒక మిషను, ఒక స్టూలు, వెనక గోడకు మేకులకు తగిలించిన వందల రంగుల దారపు రీళ్లు. చీర చేతికి రాగానే ఒక్కసారి గోడవైపు తలతిప్పి, సరిగ్గా ఆ రంగు రీలు మీదే చెయ్యి వేస్తుంది మిషను దగ్గరి అమ్మాయి. మామిడిపిందె ఆకుపచ్చకూ చిలకాకుపచ్చకూ తేడా ఆమెకు తెలిసినట్టు చీర నేయించిన వాళ్లకు కూడా తెలియదేమో.

ఆ పీకో ఏ భాష మాట? నేను చాలాకాలం హిందీ అనుకున్నాను. కాదు, ఫ్రెంచి. అక్కడ ‘పికో’ అంటే చిన్న మొన. లేసు అంచున వరసగా నిలబడే బుల్లి దారపు ఉచ్చులకు ఆ పేరు పెట్టారు. ఇప్పుడు మన చీర చివర చేసే కుట్టులో మొనా లేదు, ఉచ్చూ లేదు. పని మారిపోయింది, పేరు మాత్రం నిలిచింది. ఈ మధ్యలో జరిగిందంతా బట్ట అంచును కాపాడుకోవడానికి మనుషులు పడ్డ పాట్ల కథే.

మగ్గం దగ్గర మొదలుపెడదాం. చీరకు పొడుగునా ఉండే రెండు అంచులకూ ఏ కుట్టూ అక్కర్లేదు. నాడె అటూ ఇటూ తిరిగినప్పుడల్లా పేక దారం అంచుపోగును చుట్టి వెనక్కి మళ్లుతుంది కాబట్టి అది ఊడదు. ఊడేది అడ్డంగా కోసిన చివర్లు. ఒకే పడుగు మీద వరసగా చీరలు నేసి, మధ్యలో కొంత పడుగు ఖాళీగా వదిలి, అక్కడ కోసి వేరు చేస్తారు. ఆ వదిలిన పోగులే కొంగు చివర వేలాడతాయి. వాటిని కట్టడి చేయకపోతే పేక ఒక్కో వరసే జారిపోతుంది.

దానికి మన వాళ్ల జవాబు కుచ్చులు. మా అమ్మమ్మ కొత్త చీర కొంగును ఒళ్లో పరుచుకుని, నాలుగు వేళ్లకు పట్టినన్ని పోగులు తీసి రెండు పాయలు చేసేది. రెండిటినీ ఒకే వైపు గట్టిగా మెలిపెట్టి పక్కపక్కన పెట్టి వదిలేది. అవి తమంతట తామే ఎదురు దిక్కుకు తిరిగి ఒకదాన్నొకటి పెనవేసుకునేవి. కింద ఒక ముడి. అంతే, ఇక అది విడదు. తాడు పేనడంలో ఉన్న సూత్రమే ఇదీ. ఇవాళ పూసలతో, క్రోషియాతో వందలు పోసి వేయించుకుంటున్న కుచ్చులకు మూలం ఆ ముడే. అందం తర్వాత వచ్చింది, ముందు వచ్చింది అవసరం.

ఐరోపాలో ఇదే అవసరం లేసుగా పెరిగింది. అంచు ఊడకుండా సూదితో చుట్టి కుట్టేవాళ్లు ఆ చుట్టులోనే చిన్న చిన్న ఉచ్చులు వదలడం నేర్చారు. అవే పికోలు. క్రోషియా అల్లేవాళ్లకు ఈ మాట బాగా తెలుసు. మూడు గొలుసులు వేసి మళ్లీ మొదటి దాంట్లోకే సూది దించితే నిలబడే చిన్న ముడి పికోనే. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి తీరానికి వచ్చిన క్రోషియా లేసు నరసాపురం చుట్టుపక్కల వేలమంది ఆడవాళ్ల చేతిపని అయింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే చీర కొట్టు బోర్డు మీదికి ఎక్కకముందే పికో మన అరుగుల మీద కూర్చుని ఉంది.

దాన్ని మిషను మీదికి తెచ్చింది స్విట్జర్లాండ్. కాన్‌స్టెన్స్ సరస్సు ఒడ్డున స్టెక్‌బోర్న్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ కార్ల్ ఫ్రీడ్రిష్ గేగౌఫ్ 1893లో హెమ్‌స్టిచ్ మిషను కనిపెట్టాడు. హెమ్‌స్టిచ్ అంటే బట్టలోంచి కొన్ని దారాలు లాగేసి, మిగిలిన పోగులను చిన్న చిన్న కట్టలుగా బిగించి కుట్టడం. చేతిరుమాళ్ల చుట్టూ నిచ్చెన మెట్లలా కనిపించే ఆ కిటికీల వరస చేత్తో కుట్టాలంటే కళ్లు పోతాయి. గేగౌఫ్ మిషను నిమిషానికి 100 కుట్లు వేసింది. ఆ ప్రాంతం వాళ్లు ఆ పనికి ఆయన పేరునే క్రియాపదం చేసేసుకున్నారు. 1932లో ఆయన కొడుకు ఇంటి వాడకానికి తెచ్చిన కుట్టుమిషనుకు ఆల్ప్స్ పర్వతాల్లోని ఒక శిఖరం పేరు పెట్టాడు. అదే బెర్నినా.

పికోకు ఈ మిషనుతో పనేమిటి? ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. హెమ్‌స్టిచ్ మిషనులో రెండు సూదులు, వాటితోపాటు ఒక మొనదేలిన పొడుచుకోల ఉంటాయి. కోల బట్టలో రంధ్రం చేస్తుంది, సూదులు దానికి రెండు పక్కలా దారం బిగిస్తాయి. అలా వరసగా రంధ్రాలు పడ్డాక, ఆ రంధ్రాల నడిమధ్యగా కత్తెర నడిపిస్తే బట్ట రెండుగా విడిపోతుంది. ఒక్కో ముక్క అంచుకూ సగం సగం రంధ్రాలు మిగులుతాయి. రెండు సగం రంధ్రాల మధ్య ఒక బుల్లి మొన. అంచు మడవలేదు, మందం కాలేదు, అయినా దారం ఊడదు. పైగా చూడ్డానికి లేసులో పికోలాగే ఉంటుంది. ఆ పేరే దానికి వచ్చింది. ఒక్క కుట్టుతో రెండు అంచులు పూర్తి చేసే ఈ ఉపాయం కన్నా తెలివైనది కుట్టుపనిలో నాకు ఇంకోటి కనిపించలేదు.

షిఫాన్, జార్జెట్ లాంటి పలచని బట్టలను మామూలుగా మడిచి కుడితే అంచు బరువెక్కి ముడుచుకుపోతుంది. పికో వాటికి సరిగ్గా నప్పింది. 1910, 1920 దశకాల్లో అమెరికా ఊళ్లలో గజానికి ఇంత అని తీసుకుని హెమ్‌స్టిచింగ్, పికోటింగ్ చేసిపెట్టే చిన్న దుకాణాలు వెలిశాయి. పత్రికల్లో ప్రకటనలు ఇచ్చేవాళ్లు. ఆ మిషను ఖరీదైనది, ఇంట్లో ఎవరూ పెట్టుకోలేరు. గౌను ఇంట్లో కుట్టుకుని, అంచు కోసం మాత్రం బజారుకు పంపేవాళ్లు. మన వస్త్రలత మెట్ల పక్కన ఇవాళ జరిగేది సరిగ్గా ఇదే.

కానీ మన మెట్ల పక్కన ఉన్నది గేగౌఫ్ మిషను కాదు, జిగ్‌జాగ్ మిషను. దానిది వేరే వంశం. సూది తిన్నగా కాక అటూ ఇటూ ఊగుతూ కుట్టే మిషనుకు అమెరికాలో హెలెన్ బ్లాంచర్డ్ 1873లో పేటెంటు తీసుకుంది. బోర్డు మీద జిగ్‌జాగ్ అని చూసినప్పుడల్లా ఆమె గుర్తొస్తే బాగుండును. ఓవర్‌లాక్ కథ ఇంకోటి. కనెటికట్‌లో మెర్రో కుటుంబానికి తుపాకిమందు కార్ఖానా ఉండేది. 1837లో అది పేలిపోతే, మరుసటేడు అల్లిక బట్టల మిల్లు పెట్టారు. అల్లిక బట్టకు అంచే శత్రువు, ఒక్క కన్ను జారితే అంతా జారుతుంది. ఆ బాధలోంచి 1881లో వాళ్లింటి వారసుడు ఓవర్‌లాక్ మిషను పుట్టించాడు. మొదట్లో దాన్ని క్రోషియా మిషను అనే పిలిచారు. మళ్లీ ఆ లేసు మాటే.

మన దేశంలో కుట్టుమిషనుకు దక్కిన గౌరవం వేరే ఏ యంత్రానికీ దక్కలేదు. యంత్రాల వ్యామోహాన్ని అంతగా ఖండించిన గాంధీజీ 1924లో సింగర్ మిషనును మాత్రం మినహాయించారు. కుట్టుతో అలసిపోతున్న భార్య కష్టం చూసి చేసిన యంత్రమని, దాని వెనక ప్రేమ ఉందని ఆయన భావం. 1930 దశకంలో కలకత్తాలో బిషన్ దాస్ బాసిల్ స్వదేశీ మిషను చేసి తన కూతురి పేరు పెట్టాడు. అదే ఉషా. పెళ్లిలో అత్తవారింటికి వెళ్లిన ఆ నల్ల మిషను ఎన్ని ఇళ్లకు అన్నం పెట్టిందో లెక్కలేదు. కానీ దాని సూది తిన్నగా మాత్రమే నడుస్తుంది. జాకెట్లు, లంగాలు, దిండు గలేబులు, అన్నీ ఇంట్లోనే. చీర చివర మాత్రం వీధిలోకి.

నేత చీరల కాలంలో ఆ ఇబ్బంది పెద్దగా లేదు, కుచ్చులుండేవి. నైలెక్స్, జార్జెట్, పాలియెస్టర్ చీరలు తానులోంచి కోసి వచ్చాక పడుగు పోగులు మిగలడం మానేశాయి. పైగా ఇప్పుడు చీరతోపాటే జాకెట్టు ముక్క వస్తోంది. 6.3 మీటర్లలో దాదాపు 80 సెంటీమీటర్లు కోసి తీయాలి, తీసిన చోట మరో పచ్చి అంచు. ఆ పలచని చీరలకే ఫాల్ కూడా కావలసి వచ్చింది. కుచ్చిళ్లు నిలవాలంటే కింద బరువుండాలి. మెట్టెలూ పట్టీల మువ్వలూ తగిలి అంచు చిరగకుండా అడ్డు ఉండాలి. ఫాల్ మీద నాకొక బాధ మిగిలిపోయింది. మా అక్క తన నిశ్చితార్థం చీర ఒక దుకాణంలో ఇస్తే, నూలు ఫాల్‌ను తడిపి ఆరబెట్టకుండానే కుట్టేశారు. మొదటి ఉతుకుకే ఫాల్ ముడుచుకుపోయి చీర అంచంతా జంతికలా మెలిక తిరిగింది. ఇప్పటికీ మా ఇంట్లో ఫాల్ కొనగానే ముందు బకెట్లో పడుతుంది.

జిగ్‌జాగ్ మిషను ఇంట్లోకి రావడంతో కథ మళ్లీ మలుపు తిరిగింది. 1921లో టోక్యోలో మొదలైన ఒక కంపెనీ మిషనులో వాడిన గుండ్రటి బాబిన్ పాము కన్నులా ఉండేదట. జపాను భాషలో పాము కన్ను అంటే జనోమే. ఆ పేరూ ఉషా పేరూ కలిసి ఇవాళ మన ఇళ్లలో తెల్ల మిషన్ల మీద ఉన్నాయి. మామూలు ఫుట్ విప్పి పీకో ఫుట్ బిగిస్తే చాలు. దాని ముందు భాగంలో నత్తగుల్లలా చిన్న చుట్ట ఉంటుంది. బట్ట అంచును అందులోకి దూరిస్తే సన్నగా చుట్టుకుంటూ సూది కిందికి వెళ్తుంది, సూది అటూ ఇటూ ఊగి ఆ చుట్ట మీద దారం కప్పుతుంది. చదవడానికి తేలిక. మొదటి అంగుళమే ప్రాణం తీస్తుంది. బట్ట చుట్టలోకి ఎక్కదు, ఎక్కినా జారిపోతుంది. చివర మూలకు నాలుగు కుట్లు వేసి, ఆ దారపు తోకలు పట్టుకుని ముందుకు లాగుతూ మొదలుపెట్టాలి. కుడిచేతి బొటనవేలితో అంచును కొద్దిగా లేపి పట్టుకోవాలి. ఎంత లేపాలన్నది వేలే నేర్చుకోవాలి.

ఇంటికొచ్చిన మరో అతిథి ఎంబ్రాయిడరీ మిషను. 1990లో జనోమే మెమరీ క్రాఫ్ట్ 8000తో ఆ పని ఇంటి బల్ల మీదికి వచ్చింది. కంప్యూటర్ వర్క్ జాకెట్టు ముక్క మిషను మీంచి దిగగానే అయిపోయిందనుకుంటారు చాలామంది. సగమే అయినట్టు. పువ్వు నుంచి పువ్వుకు దూకిన దారాలను చిన్న కత్తెరతో ఒక్కొక్కటీ కోయాలి. వెనకున్న పేపరును చింపేటప్పుడు కుట్లను వేలితో అదిమి పట్టాలి, లేకపోతే అవి సాగుతాయి. పని వైపు కిందకు వచ్చేలా మెత్తని టవలు మీద బోర్లా వేసి ఇస్త్రీ చేయాలి, అప్పుడే దారం ఉబ్బు అణగకుండా నిలుస్తుంది. వెనక ముళ్లు ఒంటికి గుచ్చుకోకుండా లైనింగ్ వేయాలి. ఈ ముగింపు పనికి గంట పడుతుంది, కూలి చెప్పేటప్పుడు ఆ గంటను ఎవరూ లెక్కలో వేయరు. వేయాలి. దుకాణం నడిపే ప్రతి అమ్మాయికీ నేను చెప్పేది అదే.

పోయిన వేసవిలో నాకు అసలు పికో చేసి చూడాలనిపించింది. ఇంటి జిగ్‌జాగ్ మిషన్లకు రెక్కల సూదులు దొరుకుతాయి. సూదికి రెండు పక్కలా కత్తి వాదరలా సన్నని రెక్కలుంటాయి, దిగిన చోటల్లా రంధ్రం తెరుస్తాయి. తెల్ల ఆర్గండీ ముక్కకు గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, సూది ప్రతిసారీ అదే రంధ్రంలో రెండోసారి దిగేలా నెమ్మదిగా నడిపించాను. మొదటి రెండు ముక్కలూ పాడయ్యాయి. మూడోది నిలిచింది. రంధ్రాల నడుమగా ఊపిరి బిగబట్టి కత్తెర వేశాను.

మర్నాడు చీర ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆ ముక్క పట్టుకెళ్లి మిషను దగ్గరి అమ్మాయికి చూపించాను. ఆమె దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అంచు మీద వేలు మెల్లగా నడిపింది.

“ఇదేం కుట్టు అక్కా, చివరంతా మొనలు మొనలుగా తగుల్తోంది?”