18446744073709551615: చదరంగపు గడుల సంఖ్య

చదరంగపు బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడోదాంట్లో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే 64 గడులకూ కలిపి వచ్చే మొత్తం ఇది. ఇరవై అంకెల సంఖ్య. మన లెక్కలో సుమారు 1 లక్షా 84 వేల కోట్ల కోట్లు.

తెలుగులో ఈ సంఖ్య ఒక చంపకమాల పద్యంగా నిలిచింది. పావులూరి మల్లన పేరిట అది ప్రసిద్ధం. 9వ శతాబ్దపు జైన గణితవేత్త మహావీరాచార్యుల ‘గణితసారసంగ్రహం’ను తెనిగించినవాడు మల్లన. ఏలూరుకు ఉత్తరాన ఉన్న పెదవేగి కేంద్రంగా ఉండి తర్వాత రాజమహేంద్రవరానికి తరలిన వేంగి చాళుక్య రాజ్యం ఆయన నేపథ్యం. ఆయన 11వ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి కాలంవాడని కొందరు, ఆ రాజు నుంచి నవఖండవాడ గ్రామాన్ని పొందిన మరో మల్లనకు మనవడని మరికొందరు పండితులు అంటారు.

పద్యంలో అంకెలకు బదులు మాటలుంటాయి: శరం 5, శశి 1, గగనం 0. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు చదువుకోవాలి. 7 మూడుసార్లు రావాలి కాబట్టి కవి నగం, భూధరం, గిరి అని మూడు పేర్లతో కొండను పిలిచాడు. ఇరవై అంకెల్లో ఒక్కటీ తప్పిపోకుండా యతిప్రాసలు కుదర్చడం అసాధారణ ప్రతిభ. దాదాపు 1000వ సంవత్సరంలో అల్ బిరూనీ అనే పండితుడు కూడా ఇదే మొత్తాన్ని లెక్కగట్టాడు.

లెక్కకు 64 మెట్లు అక్కర్లేదు. 2ను వర్గం చేస్తే 4. మళ్లీ మళ్లీ చేస్తే 16, 256, 65536, 4294967296. ఆరో వర్గం 18446744073709551616. అందులో ఒకటి తీసేస్తే చాలు. 16 నుంచి ప్రతి వర్గమూ 6తోనే ముగుస్తుంది, కనుక మన సంఖ్య చివర 5 తప్పదు. అంకెల మొత్తం 87. అందుకే 3 భాగిస్తుంది, 9 భాగించదు.

వెయ్యి గింజలు 20 గ్రాములు తూగే వడ్లయితే ఈ రాశి దాదాపు 36,900 కోట్ల టన్నులు. అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లున్న కొల్లేటి సరస్సు మీద పోస్తే రెండు కిలోమీటర్ల ఎత్తు లేస్తుంది. నేటి ప్రపంచం పండించే వడ్లతో అంత పోగుచేయాలంటే నాలుగు వందల ఏళ్లు దాటుతుంది.

ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఒక్కొక్కటీ ఒక్కసారే వస్తుంది, కాబట్టి మొత్తం భాజకాలు 128. వీటిలో 641కి పెద్ద చరిత్ర ఉంది. 4294967297 ప్రధాన సంఖ్యేనని 17వ శతాబ్దంలో గణితవేత్త ఫెర్మా నమ్మాడు. దాన్ని 641 భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపాడు. మిగిలిన భాగఫలమే 6700417. ఈ రోజు 64 బిట్లలో, రుణ సంఖ్యలు లేకుండా, కంప్యూటర్ దాచుకోగల అతి పెద్ద పూర్ణాంకం మల్లన పేరిట పద్యంలో ఉన్న ఈ సంఖ్యే.