బాతిక్ అమ్మి కొన్న ఊరు

చెన్నై నుంచి మహాబలిపురం పోయే దారిలో ఇంజంబాక్కం వస్తుంది. ఇవాళ అక్కడ స్థలం కొనాలంటే మామూలు మనిషి వల్ల కాదు. 1960లలో అది ఉత్త ఇసుక నేల. చేతిలో చిల్లిగవ్వ నిలవని చిత్రకారులు, శిల్పులు ముప్పై మంది దాకా కలిసి అక్కడ పది ఎకరాలకు అటూ ఇటూగా కొన్నారు. డబ్బెక్కడిదంటే, గుడ్డ మీద మైనం పూసి సంపాదించిందే!

ఈ కథ ఊళ్లో మొదలవలేదు, బడిలో మొదలైంది. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే సర్జన్ మద్రాసులో సొంతంగా ఒక స్కూలు పెట్టాడు. రెండేళ్లకు ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది. అదే మద్రాసు ఆర్ట్ స్కూలు. పేరుకు ఆర్టే గానీ నేర్పింది ఎక్కువగా చెక్కపని, లోహపు పని, కుండల పని. మన ఇళ్లల్లో సత్తు గిన్నెలంటామే, ఆ అల్యూమినియం పాత్రలను దేశంలో చేసి చూసిన తొలిచోట్లలో ఈ స్కూలు వర్క్‌షాపు ఒకటి. 1898లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ చేయించాడు.

1929లో దేవీప్రసాద్ రాయ్‌చౌధురి పగ్గాలు పట్టాక గాలి మారింది. చిత్రం, శిల్పం ముందుకొచ్చాయి, చేతిపనులు వెనక బెంచీకి పోయాయి. మెరీనా బీచిలో నలుగురు మనుషులు బండరాయిని తోస్తుంటారు చూడండి, ఆ విగ్రహం ఆయనదే. ఆ మనుషుల్లో ఒకరికి మోడల్ స్కూలు వాచ్‌మనేనని చెప్పుకుంటారు. ఆయన దగ్గర చదువుకున్న మనవాళ్లూ తక్కువేం కాదు. 'మాయాబజార్' కళాదర్శకుడు మాధవపెద్ది గోఖలే అక్కడివాడు. అంట్యాకుల పైడిరాజు అక్కడ నేర్చుకుని వచ్చి విజయనగరంలో బడి పెట్టాడు.

అయితే అందరికీ గోఖలేలా సినిమా దొరకదు కదా. డిప్లొమా చేతికొచ్చాక అన్నం ఎలా? ఈ ప్రశ్న కె.సి.ఎస్. పణిక్కర్‌ను వదల్లేదు. ఆయన తంతి శాఖ ఉద్యోగం వదిలేసి, పాతికేళ్ల వయసులో ఈ స్కూల్లో విద్యార్థిగా చేరిన మనిషి. ఆకలి ఎలాంటిదో పుస్తకం చదివి తెలుసుకోనక్కర్లేదు. రాయ్‌చౌధురి తర్వాత తనే ప్రిన్సిపాల్ అయ్యాడు. తను మెచ్చిన కుర్రాళ్లు స్కూలు దాటగానే హోర్డింగుల దగ్గరో బట్టల డిజైన్ల దగ్గరో ఆగిపోవడం కళ్లారా చూశాడు. బొమ్మలు కొనేవాళ్లు మద్రాసులో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

ఆయన వేసిన ఉపాయం వినడానికి చాలా చిన్నది. బొమ్మ అమ్ముడుపోకపోతే గుడ్డ అమ్ముదాం. 1960ల మొదట్లో హస్తకళల సంఘం పెట్టి అందరూ బాతిక్ పట్టారు. కరిగిన వేడి మైనంతో గుడ్డ మీద గీత గీస్తారు. మైనం పడినచోట రంగు అంటదు. చన్నీళ్ల రంగులో ముంచుతారు, ఆరబెడతారు, మళ్లీ మైనం, మళ్లీ రంగు. ముంచేటప్పుడు గుడ్డ నలిగి మైనం చిట్లుతుంది. ఆ పగుళ్లలోకి రంగు దూరి వెంట్రుకల్లాంటి సన్నటి నరాలు పుడతాయి. అవి ఏ రెండు గుడ్డల మీదా ఒకేలా రావు. చివరికి మరిగే నీళ్లలో వేస్తే మైనం ఊడిపోతుంది. ఈ తీరానికి మైనం కొత్తేమీ కాదు. నీలిమందులో ముంచే ముందు కలంకారీ గుడ్డకు మైనం పట్టించడం మన మచిలీపట్నం వైపు ఎప్పటి నుంచో ఉన్నదే.

నాకు ఇందులో నచ్చేది ఇదీ: చేతిపనిని పక్కకు నెట్టి కళ పెరిగిన స్కూలు అది. ఆ స్కూలు పిల్లలే మళ్లీ చేతిపని పట్టుకుని కళను బతికించుకున్నారు. పణిక్కర్ దీన్ని సిద్ధాంతంగా చెప్పి ఉంటే ఎవరూ నమ్మేవారు కాదేమో. సరుకు అమ్ముడైంది కాబట్టి నమ్మారు.

ఆ డబ్బుతో 1966లో ఊరు వెలిసింది. పేరు చోళమండలం. తెల్లవాళ్ల నోట్లో కోరమాండల్ అయిన పాత మాటే. ఇళ్లు ఎవరివి వాళ్లు కట్టుకున్నారు. బతుకుతెరువుకు బాతిక్, లోహపు పని. మిగిలిన వేళ సొంత బొమ్మ. సుల్తాన్ అలీ, వాసుదేవ్, హరిదాసన్, పణిక్కర్ కొడుకు నందగోపాల్ లాంటివాళ్లు అక్కడ పనిచేశారు. జాతకచక్రాలు, అక్షరాల్లాంటి గీతలు నింపిన పణిక్కర్ 'పదాలు, చిహ్నాలు' చిత్రాలు అప్పటికే మొదలై, ఆ ఊళ్లోనూ సాగాయి. బొంబాయి, కలకత్తాల పక్కన మద్రాసుకూ ఓ సొంత గీత ఉందని దేశం ఒప్పుకోవడంలో ఈ ఊరి వాటా పెద్దది.

పణిక్కర్ 1977లో పోయాడు. ఊరు మాత్రం నడుస్తూనే ఉంది. 2009లో అక్కడ మ్యూజియం కూడా తెరిచారు. ఈసారి మహాబలిపురం రాళ్లు చూడ్డానికి కారెక్కితే, ఇంజంబాక్కం దగ్గర ఓ గంట ఆగండి.