అరగొండ డిష్ నుంచి వాట్సాప్ ఫొటో దాకా

ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి దాదాపు 100 కిలోమీటర్లు. ఎక్స్‌రే కవర్ చంకలో పెట్టుకుని బస్సెక్కే పెద్దోళ్లని మన సీమలో చూడనివాళ్లు ఉండరు. మనిషి ఊర్లోనే ఉండి, ఆ బొమ్మ ఒక్కటే డాక్టర్ దగ్గరికి పోతే? ఈ ఎపిసోడ్ ఆ చరిత్ర గురించే.

మన దేశంలో ఈ కథ చెప్పాలంటే ఒక సీమ పల్లె పేరు రావాల్సిందే. చిత్తూరు జిల్లా అరగొండ, అపోలో వ్యవస్థాపకుడు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి సొంతూరు. 2000 మార్చి 24న హైదరాబాద్ వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆ ఊరి టెలిమెడిసిన్ కేంద్రాన్ని ప్రారంభించాడు. ఇస్రో సాయంతో పెట్టిన శాటిలైట్ డిష్ ద్వారా రిపోర్టులు, స్కాన్లు దూరాన ఉన్న స్పెషలిస్టులకు వెళ్లేవి. మన చేతుల్లో స్మార్ట్‌ఫోన్ లేని కాలం అది, గుర్తుపెట్టుకోండి.

డిష్ ఉంటే సరిపోదు. ఒకప్పుడు ఒక కంపెనీ స్కానర్ తీసిన బొమ్మ ఇంకో కంపెనీ కంప్యూటర్‌లో తెరుచుకునేది కాదు. అమెరికాలో రేడియాలజిస్టులు, మెషిన్ల తయారీదారులు కూర్చుని 1985లో ఒక ఉమ్మడి పద్ధతి తెచ్చారు. 1993లో దానికే డైకామ్ అని పేరొచ్చింది. బొమ్మతో పాటు పేషెంట్ పేరు, వయసు, తేదీ అన్నీ అదే ఫైల్‌లో ఉంటాయి. నన్నడిగితే అసలు హీరో క్లింటన్ కాదు, ఈ బోరింగ్ ఫైల్ ఫార్మాటే. సాఫ్ట్‌వేర్ బుద్ధి, ఏం చేస్తాం!

తర్వాత 2019లో కేంద్రం ఈ-సంజీవని తెచ్చింది. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజే, టెలిమెడిసిన్ మార్గదర్శకాలొచ్చాయి. వాట్సాప్ లాంటి చాట్‌లో సలహా ఇవ్వడానికీ దారి దొరికింది.

ఇక్కడే ఒక చిక్కుంది. సీటీ అంటే ఒక ఫొటో కాదు, వందల పొరలు. డైకామ్‌లో డాక్టర్ ఒక్కో పొర జరుపుతూ, ఎముక కోసం ఒకలా, మెదడు కోసం ఇంకోలా వెలుగు మార్చి చూస్తాడు. మనం ఫిల్మ్‌ని కిటికీకి ఆనించి ఫోన్‌తో క్లిక్ కొడితే ఆ వెలుగు ఇక మారదు. సీటీలో వేల బూడిద రంగు ఛాయలుంటే, మామూలు ఫొటోలో మిగిలేవి 256. పైగా వాట్సాప్ ఇంకా కుదిస్తుంది. సన్నటి చీలిక అక్కడే మాయమైపోవచ్చు. ఫిల్మ్ మూలలో ఉన్న పేరు మాత్రం చక్కగా కనిపిస్తుంది, ఫ్యామిలీ గ్రూపులన్నీ తిరుగుతుంది!

పక్షవాతం కేసు తీసుకోండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. మెదడులో రక్తస్రావం అయ్యుంటే మాత్రం అదే మందు ప్రాణం తీయొచ్చు. ఆ తేడా చెప్పేది సీటీనే. ఆదోని నుంచి బస్సులో కర్నూలు చేరేసరికే రెండు గంటలు దాటిపోతాయి. అందుకే స్కాన్ సెంటర్‌లో ఫిల్మ్ తీసుకుని వచ్చేయకండి. సీడీనో, లింకో అడిగి తీసుకోండి. గ్రూపులో కాదు, డాక్టర్‌కే పంపండి.