పుర్రెలోని పల్లము

హైదరాబాదు తూర్పు భాగమున దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్ వరకు సాగు రహదారి వెంట నేడు స్కానింగు కేంద్రములు అనేకము కలవు. బిడ్డ మెదడు చిత్రములో పుట్టుకతో వచ్చిన లోపమున్నదని తెలియగానే, కొందరు తల్లిదండ్రులకు ఒక భయము కలుగును: వీడు పెద్దవాడై క్రూరుడగునా? ఈ ప్రశ్నకు నూటయేబది ఏండ్ల చరిత్ర ఉన్నది.

1870 ప్రాంతమున ఇటలీ వైద్యుడు లాంబ్రోజో, విల్లెల్లా అను ఖైదీ పుర్రెను పరీక్షించి, వెనుక భాగమున అసాధారణమైన పల్లమొకటి చూచినాడు. అట్టిది కొన్ని జంతువులలో ఉండును గనుక, కొందరు జన్మతః నేరస్థులని ఊహించి 1876లో గ్రంథము ప్రకటించినాడు. 1913లో ఇంగ్లండున చార్లెస్ గోరింగ్ సుమారు 3,000 మంది ఖైదీల కొలతలను ఇతరుల కొలతలతో పోల్చి, నేరస్థులకు ప్రత్యేకమైన శరీరాకృతి లేదని తేల్చినాడు.

పుట్టుకలోనే నేరమున్నదను భావము మన దేశమున చట్టమైనది. 1871 నాటి నేరజాతుల చట్టము లాంబ్రోజో వాదము నుండి పుట్టినది కాదు. అయినను నమ్మకము అట్టిదే. 1911 చట్టముతో అది మద్రాసు రాజధానికిని విస్తరించెను. ఆ దశకముననే బాపట్ల సమీపమున స్టువర్టుపురము వెలసి, సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో ఎరుకల కుటుంబములకు నిర్బంధ నివాసమైనది. అక్కడ ఎవరి మెదడును ఎవరును పరీక్షింపలేదు. పుట్టిన కులమే సాక్ష్యమైనది. దేశమంతటా ఆ చట్టము 1952 ఆగస్టు 31న రద్దయినది.

అట్లని మెదడు లోపమునకు, ఆగ్రహమునకు సంబంధమే లేదనరాదు. మెదడు అడుగున హైపోథాలమస్ వద్ద పిండదశలో ఏర్పడు హామార్టోమా అను కణుపు వలన కొందరు పిల్లలకు కారణము లేని నవ్వుతో మూర్ఛలు, ఒక్కొక్కప్పుడు తీవ్రమైన కోపము వచ్చును. చికిత్స జరిగిన పిమ్మట కొందరిలో ఆ కోపము తగ్గును.

మరొక లోపము సంగతి ఇంత స్పష్టము కాదు. గర్భస్థ శిశువు మెదడు నడుమ రెండు పలుచని పొరల మధ్య సందు ఉండును. పుట్టిన కొన్ని నెలలలో చాలమందికి అది మూసుకొనును. 2010లో ఏడ్రియన్ రెయిన్ బృందము, సందు మిగిలిన 19 మందిని ఇతరులతో పోల్చి, వారిలో సమాజవిరుద్ధ ప్రవర్తన హెచ్చని ప్రకటించినది. తరువాతి పరిశోధనలన్నియు దీనిని బలపరచలేదు. సందు ఉండియు సాధువులైనవారు ఎందరో కలరు.

కనుక స్కానింగు చిత్రము వైద్యునికి ఒక ఆధారము. మూర్ఛ ఉన్నదా, నొప్పి ఉన్నదా, మాట రాక బిడ్డ విసుగు చెందుచున్నాడా అని విచారించుటకు అది తోడ్పడును. ఆ బిడ్డ రేపు ఎట్టివాడగునో అందులో వ్రాసి ఉండదు.