కోఠీ రెసిడెన్సీ: సర్కారుల కప్పం నుంచి మహిళా కళాశాల దాకా

హైదరాబాదు కోఠీ మహిళా కళాశాల 1924లో పుట్టింది. 1949 నుంచి బ్రిటిష్ రెసిడెన్సీ భవనమే దాని చిరునామా. కళాశాల వందేళ్లు దాటిన వేళ విశాఖవాసిగా నేను చెప్పదలచింది ఒకటే: ఈ భవనం చరిత్రలో మన తీరానికీ వాటా ఉంది.

1765లో మొగల్ చక్రవర్తి షా ఆలం మన తీరంలోని ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి ఇస్తూ ఫర్మానా జారీ చేశాడు. అయినా హైదరాబాదు పాలకుడు నిజాం అలీ ఖాన్‌ను కాదని ముందుకు వెళ్లే ధైర్యం కంపెనీకి లేకపోయింది. 1766 నవంబరు 12న ఆయనతో సంధి చేసుకుని, సర్కారులకు ఏటా తొమ్మిది లక్షల రూపాయల పేష్కష్ కట్టడానికి ఒప్పుకుంది. విశాఖపట్నం ఉన్న చికాకోల్ సర్కారు పేరిట రెండు లక్షలు రాశారు.

ఆ కప్పం దగ్గరే పేచీ వచ్చింది. దాన్ని ఎగవేయాలని మద్రాసు గవర్నరు థామస్ రంబోల్డ్ తలపెట్టాడు. నిజాంను అడగకుండానే ఆయన తమ్ముడు బసాలత్ జంగ్ నుంచి గుంటూరు సర్కారును కౌలుకు తీసుకున్నాడు. నిజాంకు నచ్చజెప్పడానికి 1779లో జాన్ హాలండ్‌ను హైదరాబాదు పంపాడు. నిజాం కొలువులో కంపెనీ మొదటి రాయబారి, అంటే రెసిడెంటు, ఆయనే. సర్కారు రైతు చెమటోడ్చి కట్టిన శిస్తు మీది తగాదాయే ఈ రాయబార కార్యాలయానికి పునాది.

ఇరవై ఏళ్లలో రాయబారి స్థానం మారిపోయింది. 1798 సంధితో కంపెనీ సైన్యం హైదరాబాదులో స్థిరపడింది. అప్పటి రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. ఆయన రెసిడెన్సీ భవనానికి స్థలం కోరుతూ సమర్పించిన పటం మరీ పెద్దదిగా ఉందట. తన రాజ్యం పటమే అంత ఉంటుందని నిజాం నిరాకరిస్తే, చిన్న కాగితం మీద గీసి మళ్లీ ఇచ్చారని కంపెనీ అధికారి జాన్ మాల్కం రాశాడు. 1803 ప్రాంతంలో శామ్యూల్ రసెల్ పర్యవేక్షణలో నిర్మాణం మొదలైంది. ఖర్చు నిజాం భరించాడు. ఆరు కొరింథియన్ స్తంభాలు, విశాలమైన మెట్లు, సింహాలు, పైన కంపెనీ చిహ్నం, లోపల దర్బారు హాలు అమరాయి. భార్య ఖైరున్నిసా కోసం కిర్క్‌పాట్రిక్ రంగమహల్ కట్టించాడు. 1805లో కలకత్తాలో కన్నుమూయడంతో భవనం పూర్తవగా చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు.

అధికారానికి గుర్తుగా నిలిచిన చోటే తిరుగుబాటుకూ గురి అయింది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో జనం రెసిడెన్సీ మీద దాడి చేశారు. తుర్రేబాజ్ ఖాన్‌ను చంపారు. అలావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. వారి ధైర్యం ఈ ప్రాంగణానికి దక్కిన గౌరవం.

1947తో రెసిడెంట్ల కాలం ముగిసింది. రెండేళ్లకే దర్బారు మెట్ల మీదుగా ఆడపిల్లలు పుస్తకాలతో నడిచారు. 2002లో ప్రపంచ స్మారక నిధి దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. తర్వాత మరమ్మతులు జరిగాయి. 2022లో కళాశాల విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. దొరలను ఎదిరించి తన పంటను కాపాడుకున్న మనిషి పేరది. సర్కారుల శిస్తు కథతో మొదలైన ప్రాంగణానికి ఇంతకంటే తగిన పేరు లేదు. కిర్క్‌పాట్రిక్ ప్రేమకథతో పాటు ఆ శిస్తు కథనూ ఇక్కడి విద్యార్థినులు పరిశోధించి రాయాలి. శతజయంతికి అంతకు మించిన కానుక ఉండదు.